తల దువ్వించుకోని అత్త

మా మేనత్త తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అదేదో గట్టు మీదో, ఒడ్డు మీదో అయితే బాగుండేది, చెప్పుకోవడానికి గౌరవంగా ఉండేది. బాత్రూంలో కొత్తగా వేయించుకున్న నున్నటి టైల్స్ మీద జారింది. "ఇన్నేళ్ళు సేపల గంప నెత్తినెట్టుకుని తడిసిన ఇసకలో పరిగెత్తినాను, ఒక్కనాడు పడ్నేదు. ఈ మేస్త్రీ సచ్చినోడు పడగొట్టీసేడు" అని ఆపరేషన్ థియేటర్ తలుపు మూసేదాకా ఆ టైల్స్ వేసినవాణ్ణి తిడుతూనే ఉంది.

ఆపరేషన్ మేముండే అనకాపల్లిలోనే జరిగింది. బాగా జరిగింది. తర్వాతే అసలు కథ మొదలైంది. కొన్ని నెలలపాటు మనిషి పక్కన మనిషి ఉండాలి, లేపాలి, కూర్చోబెట్టాలి, నడిపించాలి, వ్యాయామం చేయించాలి అన్నాడు డాక్టరు. ఎవరుండాలి? అత్తకు పిల్లల్లేరు. మామ పోయి చాలా కాలమైంది. పూడిమడకలో ఆవిడ ఇంటి చుట్టూ చుట్టాలే గానీ, పొద్దున్న లేస్తే సముద్రం మీద ఎవరి వేట వాళ్ళది. ఇక నేనున్నాను. నేను ఊరవతల హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన పరవాడ మందుల కంపెనీలో షిఫ్టుల మనిషి, కంపెనీ బస్సు ఎప్పుడు తెచ్చి దింపితే అప్పుడు ఇంటికొస్తాడు. మేముండేది మేడ మీద వాటా. ఆ మెట్లు ఎక్కాలంటే నాకే ఆయాసం.

"నర్సింగ్ హోం ఏదైనా చూస్తే?" అన్నాడు మా ఆయన, అన్నం కలుపుతూ, నా వైపు చూడకుండా. మా ఊళ్ళో నర్సింగ్ హోం అంటే పురుళ్ళు పోసే ఆసుపత్రి అని అర్థం. ఆయన చెప్పింది అది కాదు. ముసలివాళ్ళనీ, మంచాన పడ్డవాళ్ళనీ నెలల తరబడి ఉంచుకుని చూసే చోట్లు ఇప్పుడు ఊరి చుట్టూ వెలిశాయి కదా, అవి. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. నన్ను ఆరో క్లాసు నుంచి పెంచిన మనిషిని తీసుకెళ్ళి ఎక్కడో అప్పజెప్పడమా? ఊరు ఊరంతా నా మొహాన ఉమ్మెయ్యదూ?

తీరా చూస్తే అత్తే తేల్చేసింది. "మీ మెట్లు నాను ఎక్కనేను. ఎక్కడో కాడ ఎట్టీ. కాని నువ్వెల్లి సూడు. నువ్వు బాగున్నాదంటే బాగున్నట్టే" అంది.

ఆ చివరి మాటే నా ప్రాణం మీదకొచ్చింది. ఎందుకంటే మా అత్త మేస్త్రీల్ని తిడుతుంది గానీ నన్ను మాత్రం ఏమీ అనదు. నేను బాగుంది అన్న చోట చేర్పిస్తే, అక్కడ ఎండుతున్నా, కుళ్ళుతున్నా, కుక్కిన పేనులా పడి ఉంటుందే గానీ "గుంటా, ఇక్కడ బాలేదు" అని చచ్చినా చెప్పదు. నా మాట తప్పయిందని నేను బాధపడతానని. అంచేత నేను తప్పు చేస్తే, అది తప్పని నాకు చెప్పేవాళ్ళు లేరు. నా కళ్ళే దిక్కు.

కళ్ళంటే నాకు మంచి కళ్ళే. నేను వంకాయలు ఏరుతుంటే బండివాడు దణ్ణం పెట్టి "ఇంకో బండి చూసుకోండమ్మా" అంటాడు. పిల్లలు కాపీ కొట్టారో లేదో పేపరు తిరగెయ్యకుండానే చెబుతాను. అంచేత కొంగు బిగించి బయల్దేరాను.

మొదటిది హైవే పక్కన. అద్దాల తలుపు, గుమ్మంలో నీళ్ళు చిమ్మే వినాయకుడు, లోపల ఏసీ. టై కట్టుకున్న కుర్రాడు నన్ను "మేడమ్, మేడమ్" అంటూ తిప్పాడు. మంచాలకి బటన్లున్నాయి. గోడలకి నవ్వుతున్న తెల్లవాళ్ళ ఫోటోలున్నాయి. పడకల మీద ఉన్న మనవాళ్ళలో మాత్రం ఒక్కళ్ళూ నవ్వడం లేదు. ఆడవాళ్ళ వార్డులోకి వెళ్ళి నిలబడిపోయాను. అందరికీ మెడ దాకా కత్తిరించేసిన జుట్టు. ఒకే క్రాపు, ఒకే గౌను.

"ఇదేమిటయ్యా?" అన్నాను.

"హైజీన్ మేడమ్. పేలు పడవు, తొందరగా ఆరిపోతుంది, స్టాఫ్‌కి ఈజీ."

"వాళ్ళనడిగారా?"

అతను నా వంక జాలిగా చూశాడు. పైన పటారం లోన లొటారం అని గుమ్మం దిగుతూ పైకే అనేశాను. వినాయకుడు ఒక్కడే విన్నాడు.

జుట్టు దగ్గర నాకెందుకంత కోపం వచ్చిందో చెప్పాలి. మా అత్తకి ఒకప్పుడు మోకాళ్ళ దాకా జుట్టు. ఇప్పుడు పిడికెడు. అయినా పట్టింపు మాత్రం ఏ మాత్రం తగ్గలేదు. కొబ్బరినూనె పెట్టి, చిక్కు తీసి, నున్నగా దువ్వి, కాస్త ఎడమ పక్కకి ఒరిగినట్టు కొప్పు చుడితే గానీ గంప ఎత్తుకునేది కాదు. "కొప్పు సెదిరినోళ్ళ కాడ సేపలు కూడా కొనరే" అనేది.

నేను పూడిమడకలో ఉన్న రోజుల్లో ఇంకో పట్టింపు కూడా ఉండేది. మామ వేట మీద ఉన్నంతసేపూ తల దువ్వుకునేది కాదు. మగవాళ్ళు సముద్రం మీదుంటే ఇంటి ఆడది దువ్వెన పట్టకూడదని వాళ్ళత్త నేర్పిందట. పొద్దస్తమానం రేగిన జుట్టుతోనే ఇంటి పనులు చేసుకునేది. పడవ ఒడ్డు తాకిందని కేక వినపడగానే చూరులోంచి దువ్వెన లాగేది. మామ వల దులుపుకుని వచ్చేసరికి కొప్పు తయారు, అప్పుడు గంప తయారు. నాకు నవ్వొచ్చేది. మామ కూడా నవ్వేవాడు. ఆయన చివరికి సముద్రం మీద పోలేదు, ఇంట్లోనే జ్వరమొచ్చి పోయాడు. ఆ తర్వాత అత్త అందరిలాగే పొద్దున్నే లేచి దువ్వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ పట్టింపు సంగతి నేను మర్చిపోయాను. జుట్టంటే ఆవిడకి ప్రాణమన్నది మాత్రం గుర్తుంది.

రెండో చోట జుట్టు బాగానే ఉంది. ముక్కు పుటాలెగిరిపోయేంత ఫినాయిల్ వాసన. అంత ఫినాయిల్ కొట్టారంటే దాని కింద ఏదో ఉన్నట్టే. పైగా చేపలు వండరట. "స్మెల్ మేడమ్" అంది అక్కడి ఆవిడ, ఆ ఫినాయిల్ మధ్య నిలబడి. మా అత్తకి కోడికూర కూడా పథ్యం కిందే లెక్క, చేప లేని ముద్ద గొంతు దిగదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మూడోది చెరకు తోటల వైపు పోయే రోడ్డు మీద, పాత పెంకుటింటికి వెనక కొత్త గదులు కట్టిన చోటు. ముందు చెప్పకుండా, సరిగ్గా భోజనాల వేళకి వెళ్ళాను. చెప్పి వెళితే ఎవరైనా బాగానే ఉంటారు. వరండాలో ముసలమ్మలు వరసగా కూర్చుని ఉన్నారు. చూద్దును కదా, అందరివీ గుండ్లు! నున్నగా, గంధం పూసి, ఎండకి మెరిసిపోతున్నాయి.

అయిపోయింది. మొదటిచోట క్రాపులతో వదిలేశారు, వీళ్ళు ఏకంగా గొరిగేశారు! లోపల్నించి తలమీద కొంగు కప్పుకున్న ఒకావిడ వచ్చింది, ఆవిడే నడిపేదని తర్వాత తెలిసింది. ఆవిడ "ఎవరు కావాలమ్మా" అనే లోపలే మొదలెట్టాను. మీకు ఆడపిల్లల్లేరా, మీ అమ్మకైతే ఇలాగే చేస్తారా, పేలకి మందులు దొరకడం లేదా, పోలీసులకి చెబుతాను, కలెక్టరుకి చెబుతాను. బళ్ళో ముప్పయ్యేళ్ళు అరిచిన గొంతు. వంటగదిలోంచి జనం బయటికొచ్చారు.

వరసలో ఒక గుండు కిచకిచా నవ్వింది. తర్వాత ఇంకొకటి. "ఓలమ్మో, ఈ గుంటకి కోపం సూడే!" అంది నోట్లో ఒక్క పన్నున్న పెద్దావిడ. "సింవాచెలం ఎల్లొచ్చేమే తల్లీ. అప్పన్నకి ఇచ్చేం."

సంగతేమిటంటే, అందులో ఒకావిడకి పాత మొక్కు ఉంది. తీర్చకుండా పోతానేమోనని ఏడుస్తోందట. సరే అని వ్యాను మాట్లాడారు. ఆవిడ ఒక్కతే వెళ్ళడమేమిటి, మేమూ వస్తామని నడవగలిగినవాళ్ళూ, చక్రాల కుర్చీలవాళ్ళూ అందరూ ఎక్కారు. కొండ మీద ఆవిడ కూర్చోగానే నాదీ తీసెయ్యి, నాదీ తీసెయ్యి అని వరస కట్టారట.

"అందరూ కూర్చుంటే నేను ఒక్కదాన్నీ నిలబడి ఏం చేస్తానమ్మా?" అని ఆ నడిపే ఆవిడ తలమీద కొంగు తీసింది. అక్కడా గుండే.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మజ్జిగ ఇస్తే తాగాను. తాగుతూ చూశాను. పక్కబట్టలు పొడిగా ఉన్నాయి. గోళ్ళు తీసి ఉన్నాయి. చారులోకి కవళ్ళ చేపల వేపుడు వడ్డిస్తున్నారు. ఒకావిడ ముళ్ళు తియ్యలేకపోతుంటే ఆయా పక్కన కూర్చుని తీసి పెడుతోంది, అదీ ఫోను చూసుకోకుండా. ముసలివాళ్ళు మాట్లాడుతున్నారు, పోట్లాడుకుంటున్నారు, నా గురించి గుసగుసలాడి నవ్వుతున్నారు. నవ్వే నోళ్ళు కనబడిన మొదటి చోటు అదే.

"బాగుంది" అని అత్తతో చెప్పాను. చెప్పేశాను, ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

చేర్పించేటప్పుడు ఒకే ఒక్క షరతు పెట్టాను. మా అత్త జుట్టు మీద కత్తెర పడకూడదు, రోజూ నూనె రాసి దువ్వాలి, కొప్పు చుట్టాలి. ఆ గుండావిడ ఆయాని పిలిచి నా ముందే చెప్పింది. ఆయా సరేనమ్మా అంది. అత్త మంచం మీంచి అందర్నీ పరకాయించి చూసి, కింద గచ్చు వైపు చూసింది. గరుకు గచ్చు. "ఈ మేస్త్రీ మంచోడు" అంది.

రెండు రోజులాగి బడి నుంచి సరాసరి అక్కడికే వెళ్ళాను. అత్త వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసి చూపించింది. మొహం తేటగా ఉంది. తల మాత్రం, ఏం చెప్పను, పిచ్చుక గూడు.

"తల దువ్వలేదేం?"

"తరవాత దువ్వించుకుంతాన్లే. నీ సంగతి సెప్పు."

తర్వాత వెళ్ళినప్పుడూ అంతే. ఆ తర్వాతా అంతే. చీర శుభ్రంగా ఉంటుంది, మడమలు చూస్తే ఎక్కడా ఒరిపిడి లేదు, మాత్రలు వేళకి వేస్తున్నారు, చేప ముక్కలు లెక్కపెట్టి మరీ నాకు చెబుతోంది. తల మాత్రం రేగిపోయి ఉంటుంది. అడిగితే ఆయా "వద్దంటన్నారమ్మా, సాయంత్రం దువ్వించుకుంతానంటన్నారు" అంటుంది. సాయంత్రమే కదమ్మా ఇప్పుడు! సూర్యుడు దిగిపోతుంటే ఇంకెప్పుడు సాయంత్రం? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయా నన్ను చూడగానే దువ్వెన వెతుక్కునేది. అది కూడా నాకు అనుమానంగానే కనిపించింది.

"అనుమానం పెనుభూతం" అన్నాడు మా ఆయన. "మిగతావన్నీ బాగున్నాయంటున్నావు కదా."

"కంటికి కనబడేవన్నీ బాగా చేస్తారు. మనిషికి ఏది ఇష్టమో అది చెయ్యరు. అదీ సంరక్షణంటే?" అని ఆయన మీద ఎగిరాను. ఆయన టిఫిన్ క్యారేజీ తీసుకుని కంపెనీ బస్సుకి గబగబా వెళ్ళిపోయాడు.

ఒకరోజు బడికి వెళ్ళే దారిలో పొద్దున్నే దిగబడ్డాను. మిగతా గుండ్లన్నీ స్నానాలు చేసి మెరుస్తున్నాయి. మా అత్త తల పొద్దున్న కూడా పిచ్చుక గూడే. ఇక నాకు లెక్క తేలిపోయింది. దువ్వడం లేదు. ఈవిడకి భయం, చెప్పడం లేదు. నేను బాగుంది అన్నాను గనక బాగుందంటోంది. నేను మొదటి నుంచీ భయపడింది ఇదే.

ఆ సాయంత్రం వెళ్ళి ఆ గుండావిడతో తేల్చేశాను. "ఆదివారం మా అత్తని తీసుకుపోతాను. వేరే చోటు చూస్తాను." ఆవిడ తల మీద అప్పుడప్పుడే చిన్న చిన్న వెంట్రుకలు మొలుస్తున్నాయి. వాటిని రాసుకుంటూ "ఒక్కసారి ఆవిణ్ణే అడగండమ్మా" అంది.

అడిగాను. "ఇక్కడ నిన్నెవరైనా ఏమైనా అంటున్నారా? నాతో చెప్పు. నేనున్నాను కదా."

"ఓలె, నీకేటయ్యింది? బాగున్నాది. నన్ను కదపకు."

"మరి ఈ తలేమిటి?"

అత్త చెయ్యెత్తి జుట్టు తడుముకుంది. కిటికీలోంచి బయటికి చూసి, నా మీద విసుక్కుంది. "సీకటి పడతన్నాది. ఆ రోడ్డు మీద లారీలు. ఎల్లు. ఎల్లగానే పోన్ సెయ్యి. మరిసిపోకు."

ఇది రోజూ ఉండేదే. నేను ఇంటికి చేరి ఫోను చెయ్యాలి. బడి నుంచి నేరుగా ఇంటికొచ్చిన రోజుల్లో కూడా చెయ్యాలి. "సేరిపోనావా?" అంటుంది. చేరాను అంటాను. "అయితే సరే" అంటుంది. ఫోను కట్ చెయ్యడం ఆవిడకి రాదు, దిండు పక్కన పడేస్తుంది, నేనే కట్ చేస్తాను. రోజూ అదే మాట, నాకు విసుగ్గానే ఉండేది. ఏభయ్యేళ్ళు దాటిన దాన్ని, స్కూటీ మీద ఇంటికి చేరలేనా?

ఆ రోజు ఒళ్ళు మండుతూ బయల్దేరాను. చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్నాను. కోపంగా ఉన్నా కడుపుకి తినాలి కదా, మార్కెట్లో ఆగి కవళ్ళు కొన్నాను. అక్కడ తెలిసినావిడ కనపడితే నర్సింగ్ హోములన్నిటినీ కలిపి తిట్టాను, దానికి కాసేపు పట్టింది. ఇంటికి వెళ్ళేసరికి బాగా ఆలస్యమైంది. మా ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. చేపలు తోముతూ గుర్తొచ్చి, ఆయన చేత ఫోను కలిపించి స్పీకరు పెట్టించాను. బియ్యం డబ్బా మీద నిలబెట్టాడు.

మోగీ మోగకముందే ఎత్తింది. "సేరిపోనావా?"

"చేరాను అత్తా."

"ఇంతసేపేటే?"

"మార్కెట్లో ఆగాను."

"అయితే సరే" అంది. ఫోను దిండు పక్కన పడ్డ చప్పుడైంది. నా రెండు చేతుల నిండా పొలుసు. కట్ చెయ్యమని మా ఆయనతో అనబోతున్నాను, ఇంతలో ఆయా గొంతు వినపడింది.

"సేరిపోనారా పిన్నీ?"

"సేరిపోనాది. ఇంక దువ్వెన తే."

"ఇంత పొద్దుపోయేదాకా ఎందుకు పిన్నీ? ఆయమ్మ వచ్చినప్పుడల్లా మీ తల సూసి నన్ను తిడతన్నాది. రేత్రి సుట్టిన కొప్పు తెల్లారీసరికి సెదిరిపోతన్నాది, పొద్దున్నే దువ్వీసుకుంటే ఏటవుద్ది?"

"మనిసి బయటుండగా దువ్వకూడదే. మాయన యేట కాడుంటే నాను ఏనాడూ దువ్వెన పట్నేదు."

"ఆయన లేరు కదా పిన్నీ ఇప్పుడు."

"మా గుంట ఉన్నాది కదా. పొద్దున్నెల్తే ఆ లారీల మజ్జిన తిరిగి తిరిగి దీపాలెట్టేక వత్తాది."

"మరి ఆ మాట ఆయమ్మతో సెప్పీవచ్చు కదా!"

"అలాటియ్యి పైకి సెప్పకూడదే. ఊఁ, మెల్లిగా. సిక్కు ఉన్నాది, మెల్లిగా తియ్యి."

మా ఆయన ఫోను వైపు చెయ్యి చాపాడు. పొలుసు చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. చిక్కు తీస్తున్న చప్పుడు ఫోన్లో వినపడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. అత్త మేస్త్రీని తిడుతుంటే ఆయా నవ్వుతోంది. కొప్పు చుట్టడం అయ్యేదాకా విన్నాం ఇద్దరం. నాకు ఏడుపు ఆగలేదు.

ఆదివారం వెళ్ళాను. తీసుకురావడానికి కాదు, ఆయాకి చీర పెట్టడానికి. నేను విన్న సంగతి అత్తకి చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. తల యథాప్రకారం పిచ్చుక గూడు. "చోటు బాగుంది అత్తా" అన్నాను. "నాను సెప్తనే ఉన్నాను" అంది. ఇప్పుడు వాకర్ లేకుండా గోడ పట్టుకుని నడుస్తోంది, ఇంకొన్నాళ్ళకి పూడిమడక వెళ్ళిపోతానంటోంది.

నేను మాత్రం బడి వదిలాక మార్కెట్లో ఆగడం మానేశాను. తెలిసినవాళ్ళు పిలిచినా స్కూటీ ఆపను. నేరుగా ఇంటికి పోవాలి, అత్త తల దువ్వించుకోవాలి.